పెయ్యకి జబ్బు కాదమ్మా, ఆకలి

గజపతినగరం దగ్గర ఊరి నుంచి ఒకమ్మాయి రాసిన ఉత్తరం ఇది, కొంచెం కుదించి పెడుతున్నాను.

"బాబాయ్ గారూ నమస్తే. మాకు రెండు జెర్సీ క్రాస్ ఆవులున్నాయి. పెద్దావు ఈని ఐదు వారాలైంది, పెయ్య పుట్టింది. ఆవు రెండు పూటలా కలిపి 9 లీటర్లు ఇస్తోంది. పెయ్యని కాసేపు వదిలి, ఆవు చేపాక, అంటే పొదుగులోకి పాలు దిగాక, లాగి కట్టేసి, ముందువైపు ఒక చన్ను దానికి వదిలేస్తున్నాం. మా అత్తగారు 'పెయ్యగుంటకి పాలెక్కువైతే పారతాది, విరేచనాలు పట్టుకుంటాయి, వద్దు' అంటారు. మా ఆయనేమో పాల సెంటర్‌కి పోసే పాలు తగ్గితే దాణా డబ్బులెక్కడి నుంచొస్తాయి అంటారు. అందుకని మధ్యాహ్నం చోళ్ల (రాగుల) అంబలి గొట్టంతో పోస్తున్నాం, తవుడు పెడుతున్నాం. పెయ్యకి బొచ్చు రేగిపోయింది, కడుపు ఉబ్బుగా ఉంది, వీపు ఎముక తేలింది, గోడలు నాకుతోంది, పక్కింటి దూడ దగ్గరకెళ్తే దాని చెవి చీకుతోంది. పది రోజుల కిందట పారితే రెండు రోజులు పాలు ఆపేసాం, పారుడు తగ్గింది గానీ ఇంకా చిక్కిపోయింది. దీని అక్క కూడా ఇలాగే పెరిగి మూడున్నరేళ్లకి గానీ ఈనలేదు. టానిక్ ఏదైనా రాయండి. పాలు ఎంత పట్టాలి, పాలపొడి కలిపి పట్టొచ్చా, ఎప్పుడు మాన్పించాలి? చిన్నావు సంక్రాంతికి ఈనుతుంది. పెద్దావు ఈనినప్పుడు మాయ పడేదాకా దూడకి పాలు పట్టలేదు, తర్వాత జున్ను వండి వీధిలో పంచాం, ఈసారి కూడా అంతే కదా?"

తల్లీ, టానిక్ రాయను. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, పెయ్యని కళ్లతో చూడకుండా అంతా తేల్చి చెప్పకూడదు గానీ నువ్వు రాసిన గుర్తులన్నీ చీపురుపల్లి, గరివిడి, మెరకముడిదాం వైపు పశువుల శాలల్లో నేను ఎన్నేళ్లుగానో చూసినవే, వాటిలో ఎక్కువ వాటికి ఒకటే పేరు, పాలు చాలకపోవడం. కడుపులో పాములు, అంటే పురుగులు, కూడా ఉండొచ్చు, దాని సంగతి కిందన చెప్తాను. ముందు పాల లెక్క చూద్దాం.

పొదుగులో నాలుగు చన్నులూ సమానంగా ఇవ్వవు. వెనక రెండూ కలిపి నూటికి సుమారు అరవై వంతులు, ముందు రెండూ కలిపి నలభై వంతులు ఇస్తాయి. నీ ఆవు రోజుకి 9 లీటర్లు అంటే ముందు చన్ను ఒక్కోటి 1.8 లీటర్ల దగ్గర, వెనక చన్ను ఒక్కోటి 2.7 లీటర్ల దగ్గర. అంటే నీ పెయ్యకి ఐదు వారాలుగా అందుతున్నది రోజు మొత్తం మీద లీటరూ ముప్పావు, దానికి తోడు చేపడానికి వదిలినప్పుడు తాగే నాలుగు గుక్కలు, ఆ మొదటి పాలు ఎలాగూ పల్చటివే, వెన్న ఎక్కువ చివరి పాలల్లోనే ఉంటుంది. నమ్మకం లేకపోతే ఒక రోజు దూడ వాటా చన్ను కూడా లీటరు చెంబులోకి పితికి చూడు, తర్వాత ఆ పాలే దూడకి పట్టెయ్, నీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఇంకో లెక్క. పాతిక కిలోల దూడ ఏ మాత్రం పెరగకుండా ఊరికే బతికి ఉండడానికి, అంటే ఒళ్లు వెచ్చగా ఉంచుకోడానికి, నిలబడ్డానికి, ఊపిరి తీసుకోడానికి, రోజుకి సుమారు లీటరున్నర పాలు ఖర్చవుతాయి. ముప్పై కిలోలైతే లీటరూ ముప్పావు. నువ్విస్తున్నది సరిగ్గా అంత. ఎముక పెరగడానికి, కండ పట్టడానికి, రోగం వస్తే తట్టుకోడానికి ఏమీ మిగలట్లేదమ్మా. లీటరున్నర దాటిన తర్వాత తాగే ప్రతి గుక్కే పెరుగుదల, అందుకే రెండు లీటర్లు తాగే దూడకీ నాలుగు లీటర్లు తాగే దూడకీ తేడా రెండింతలు కాదు, నాలుగైదింతలు ఉంటుంది. ఈ ఒక్క ముక్క మీ ఆయనకి అర్థమయ్యేలా చెప్పగలిగితే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

దూడ బరువులో పదో వంతు పాలు చాలు అని చాలాకాలం చెప్పారు, నేను కూడా అలాగే చెప్పాను చాలామందికి. దాణా తొందరగా అలవాటవ్వాలని, పాలు మిగలాలని పెట్టుకున్న కొలత అది. తల్లితో వదిలేసిన దూడ ఎంత తాగుతుందో కొలిచి చూస్తే బరువులో ఐదో వంతు వరకూ అలవోకగా తాగేస్తుంది, దానికేం కాదు. అందుకని ఇప్పుడు నేను చెప్పేది, పాతిక కిలోల దూడకి మొదటి ఐదారు వారాలు రోజుకి 4 లీటర్లు. మీ పెయ్యకి ఐదు వారాలు దాటింది గానీ వెనకబడింది కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టి కనీసం ఇంకో మూడు వారాలు అంతే ఇవ్వు. ఒక్కసారిగా పెంచకు, రోజుకి అర లీటరు చొప్పున పెంచుకుంటూ ఐదు రోజుల్లో అక్కడికి తీసుకురా. చెంబులు, కొలతలు ఎందుకు అనుకుంటే సులువు దారి ఉంది, ముందు చన్ను ఒకటి, వెనక చన్ను ఒకటి దూడకి వదిలెయ్, రెండూ కలిపి నాలుగున్నర లీటర్లవుతాయి. రోజూ అవే చన్నులు కాకుండా మార్చుతూ ఉండు, దూడ తాగాక ఏమైనా మిగిలితే పితికెయ్, పొదుగులో పాలు నిలవుంచొద్దు, పొదుగువాపు వస్తుంది.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ ఊరికే అనలేదమ్మా, ఆవిడ కళ్లతో చూసిందే చెప్తున్నారు. పాలు ఎక్కువ తాగే దూడ పేడ మెత్తగా పసుపుగా ఉంటుంది, చూసేవాళ్లకి పారుతున్నట్టే ఉంటుంది. కానీ దూడ హుషారుగా ఉండి, తోక ఎత్తి గెంతుతూ, మళ్లీ పూటకి పాలకోసం తాడు లాగుతుంటే అది పారుడు కాదు. నీళ్లలా పోతూ, కంపు కొడుతూ, తోకకీ పిర్రలకీ అంటుకుపోయి, దూడ తల వేలాడేసి, పాలకి లేవకపోతే అదీ పారుడు. ఆ పారుడు ఎక్కువ సార్లు కడగని బకెట్ వల్ల, చల్లారిపోయిన పాల వల్ల, పొద్దున్న ఐదింటికి తాగించి సాయంత్రం ఎప్పుడో ఎనిమిదింటికి తాగించడం వల్ల, తడి నేల వల్ల, జున్నుపాలు సరిగ్గా అందకపోవడం వల్ల వస్తుంది, మంచి పాలు నాలుగు గుక్కలు ఎక్కువ తాగడం వల్ల కాదు. ఆవిడకి ఇదే మాట నెమ్మదిగా చెప్పు, ఎదురు చెప్పినట్టు కాకుండా, ఆవిణ్ణే పేడ చూసి చెప్పమను. శాలలో ఆవిడ అనుభవం నీకు చాలా అవసరం.

అంబలి మాత్రం ఇవాళే ఆపెయ్యమ్మా. చోళ్ల అంబలి మనకి బలమే, పొలానికెళ్లేవాడికి అమృతమే, చిన్న దూడకి కాదు. దూడ కడుపులో మొదట్లో పాలల్లో ఉండే చక్కెరని అరిగించే శక్తే ఉంటుంది, పిండిని అరిగించేది చాలా తక్కువ, మనం టీలో వేసుకునే పంచదారని, బెల్లాన్ని అయితే అసలు అరిగించలేదు. అరగనిది పేగుల్లో పులిసి పారుతుంది. చాలామంది దూడ నీరసంగా ఉందని పాలల్లో బెల్లం వేసి పడతారు, ప్రేమతోనే, దాంతోనే పారుడు తెచ్చిపెడతారు. ఇంకొకటి, గొట్టంతో పొయ్యడం. దూడ చన్ను చీకేటప్పుడు గొంతు కింద ఒక గాడి లాంటిది ముడుచుకుని పాలని పెద్ద పొట్టలో పడకుండా నేరుగా అరిగే పొట్టలోకి పంపుతుంది. చీకకుండా బలవంతంగా పోస్తే ఆ గాడి సరిగ్గా మూసుకోక పెద్ద పొట్టలో పడి కుళ్లుతుంది, నీ పెయ్య కడుపు ఉబ్బుకి ఇదొక కారణం కావొచ్చు. గొట్టం పోత తప్పితే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదకి రావడం నేను ఒకసారి కాదు చాలాసార్లు చూసాను.

పాలు ఎప్పుడైనా చెంబుతో పట్టాల్సొస్తే పితికిన వెంటనే గోరువెచ్చగా ఉన్నప్పుడే, రబ్బరు చన్ను ఉన్న సీసాతో, దూడ మెడ కొంచెం పైకి ఉండేలా పట్టు. చెవి చీకడం కూడా ఇక్కడిదే. చీకాలన్న కోరిక దూడకి పాలు తాగాక ఇంకో పది నిమిషాలు ఉంటుంది, రెండు నిమిషాల్లో లాగి కట్టేస్తే అది చెవో బొడ్డో వెతుక్కుంటుంది, చీకిన బొచ్చు కడుపులో ఉండలు కడుతుంది. పాలు తాగాక పావుగంట విడిగా కట్టి, నోటికి చిటికెడు దాణా అందించు, అలా దాణా కూడా అలవాటవుతుంది.

పాలు ఆపడం గురించి. పారినప్పుడు రెండు రోజులు పాలు ఆపేసామన్నావు, నువ్వొక్కదానివే కాదు ఊరంతా అదే చేస్తారు, పారుడు కొంచెం గట్టిపడినట్టు కనిపిస్తుంది కూడా, లోపల ఏమీ లేకపోతే బయటకి ఏం వస్తుంది. దూడ చచ్చేది పారుడు వల్ల కాదు, ఒంట్లో నీరూ ఉప్పూ పోవడం వల్ల, ఆకలి వల్ల. పారుతున్నప్పుడు పాలు మామూలుగానే ఇవ్వు, కావాలంటే కొంచెం కొంచెంగా మూడు పూటలు. మధ్యలో, పాలకి రెండు గంటలు ఎడం ఉంచి, మెడికల్ షాపులో దొరికే ఓఆర్ఎస్ పొడి పాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి గోరువెచ్చగా లీటరు చొప్పున రోజుకి రెండు మూడు సార్లు పట్టు. పాలల్లో కలపకు, కలిపితే పాలు కడుపులో సరిగ్గా పెరుగులా తోడుకోవు. ఇంట్లో చేసుకోవాలంటే పంచదార కాదు గ్లూకోజ్ పొడి వాడాలి, ఎందుకో పైన చెప్పాను కదా. కళ్లు లోపలికి పోయినా, మెడ దగ్గర చర్మం పట్టి వదిలితే వెంటనే వెనక్కి వెళ్లకుండా ముడతలా నిలబడినా, నోరు చల్లగా ఉన్నా ఇంట్లో వైద్యాలు వద్దు, సెలైన్ ఎక్కించాలి, 1962కి ఫోన్ చెయ్యి, సంచార పశువైద్యం బండి వస్తుంది, లేదా రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకుల్ని అడుగు. రక్తం పడినా అంతే.

పాములు. పెయ్యకి పేడ ఒకసారి చూపించు, గరివిడి పశువైద్య కళాశాల మీకు మరీ దూరం కాదు, లేదంటే దగ్గర ఆసుపత్రిలో చూస్తారు. డాక్టర్ బరువు చూసి మందు రాస్తారు, బరువు తెలీకుండా మెడికల్ షాపు వాడు ఇచ్చింది పొయ్యొద్దు. పక్కింటివాళ్లకి గేదె దూడ ఉంటే ఈ మాట వాళ్లకీ చెప్పు, గేదె దూడలకి ఏలికపాములు తల్లి పాల నుంచే వస్తాయి, తల్లి ఒంట్లో దాగి ఉన్న పిల్లపాములు ఈనాక పాలల్లోకి దిగుతాయి, అందుకే దూడకి పది పదిహేను రోజుల వయసులోనే మొదటి మందు పడాలి, మట్టి రంగులో కంపుకొట్టే పారుడు వచ్చేదాకా ఆగకూడదు. ఆవు దూడలకీ వస్తాయి గానీ గేదె దూడల ప్రాణాలు తీసినంతగా తియ్యవు.

దాణా, నీళ్లు. నీళ్ల సంగతి నువ్వు రాయనే లేదు, బహుశా పెట్టట్లేదేమో. పాలు తాగుతోంది కదా నీళ్లెందుకు అనుకుంటారు, పాలు వెళ్లేది అరిగే పొట్టలోకి, నీళ్లు వెళ్లేది పెద్ద పొట్టలోకి, ఆ నీళ్లుంటేనే అక్కడ దాణా పులిసి పొట్ట లోపలి గోడ ఎదుగుతుంది. నాలుగో రోజు నుంచే ఒక చిన్న బక్కెట్లో మంచినీళ్లు ఎదురుగా ఉండాలి. ఉట్టి తవుడు దూడ దాణా కాదు, వరిగడ్డి అయితే రెండు మూడు నెలలదాకా నింపొద్దు, పొట్ట కనిపిస్తుంది ఒళ్లు కనిపించదు. మన వైపు మొక్కజొన్న దొరుకుతుంది కాబట్టి ఇంట్లోనే చేసుకో, పది కిలోలకి మొక్కజొన్న నూక 4 కిలోలు, వేరుశనగ చెక్క 3 కిలోలు, తవుడు కిలోన్నర, ఉలవలు వేయించి నూక చేసి కిలో 200 గ్రాములు, ఖనిజ లవణాల పొడి 200 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు. చెక్క బూజు పట్టింది మాత్రం చచ్చినా వాడొద్దు, వానాకాలంలో వాసన చూసి కొనండి. యూరియా కలిసిన పెద్ద పశువుల దాణా కూడా వద్దు. పొడిగా పెట్టు, రోజూ మిగిలింది ఆవుకి వేసి కొత్తది పెట్టు, మొదట్లో గుప్పెడు తింటుంది, కంగారుపడకు. లేత పిల్లిపెసర, అలసంద లాంటివి కొంచెం పైనుంచి వేలాడదీస్తే ఆడుకుంటూ కొరుకుతుంది. ఖనిజ లవణాలు పడితే గోడలు నాకడం కూడా చాలావరకు తగ్గుతుంది.

మాన్పించడం తేదీ చూసి కాదు, దాణా చూసి. వరసగా మూడు రోజులు రోజుకి ముప్పావు కిలో దాణా తింటే అప్పుడు మాన్పించొచ్చు, మామూలుగా పది పన్నెండు వారాలకి అక్కడికొస్తుంది, నీ పెయ్యకి ఇంకో రెండు వారాలు ఎక్కువ పట్టొచ్చు. అది కూడా 4 నుంచి 3కి, 2కి, 1కి, పది పదిహేను రోజులు తీసుకుని. ఒక్కరోజులో ఆపేస్తే పెరిగిన ఒళ్లు పది రోజుల్లో కరిగిపోతుంది.

పాలపొడి గురించి, టీ కోసం అమ్మే పొడిలో పంచదార ఉంటుంది, అది వద్దు. దూడల కోసం ప్రత్యేకంగా చేసే పొడి వేరు, లీటరు నీళ్లకి 125 గ్రాముల లెక్కన కలిపి పడతారు, మంచి రకమైతే పనిచేస్తుంది, కానీ రెండావులున్న ఇంట్లో, ఇప్పటికే చిక్కిన పెయ్యకి, నేనైతే తల్లి పాలే ఇస్తాను.

మీ ఆయన అడిగిన డబ్బు సంగతి. తప్పు కాదు, పశువు మీద బతికేవాళ్లం డబ్బు లెక్క చూడాల్సిందే. పెయ్యకి రోజుకి రెండు లీటర్లకి పైచిలుకు ఎక్కువ ఇస్తున్నావు, మాన్పించేదాకా మొత్తం ఒక వంద లీటర్లు అనుకో, లీటరు 35 రూపాయలు అనుకున్నా 3500. రోజుకి 450 గ్రాములు పెరిగే పెయ్య 16 నెలలకి 240 కిలోలకి వస్తుంది, అప్పుడు ఎదకొస్తే కట్టించొచ్చు, ఒకటి రెండు ఎదలు పోయినా రెండున్నరేళ్లకి ఈనుతుంది. దీని అక్క మూడున్నరేళ్లకి ఈనింది. ఆ మధ్యలో ఒక ఏడాది పాటు పాలివ్వని పశువుకి వేసిన గడ్డి, దాణా, నీ చాకిరీ, పైగా రాకుండా పోయిన ఒక ఈత పాలు, ఇవన్నీ పక్కపక్కన కాగితం మీద రాసి ఆయనకి చూపించు. పాలు మాన్పించాక కూడా మేత సరిగ్గా ఉండాలి, లేకపోతే ఈ లెక్క పనిచెయ్యదు, అది కూడా రాయి.

ఇప్పుడు చిన్నావు. ఈ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారుపెట్టింది ఆ చివరి వాక్యమే. మాయ పడేదాకా దూడకి పాలు పట్టకపోవడం మన ఊళ్లల్లో తరాల నాటి అలవాటు, ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఇంట్లోనే అదే జరిగింది, నేను డ్యూటీలో ఉన్నాను, ఆవు తెల్లవారుజామున ఈనింది, మాయ మధ్యాహ్నం దాటాక పడింది, అప్పటిదాకా పెయ్యని తల్లికి దూరంగా కట్టేసారు. చక్కటి ఎర్ర పెయ్య. తొమ్మిదో రోజు పారుడు పట్టుకుంది, పదకొండో రోజు పోయింది. ఊళ్లో దూడలకి మందులేసే నేను నా ఇంట్లోవాళ్లకి ఆ ఒక్క ముక్క ముందే చెప్పలేదు, ఇప్పటికీ ఆ బాధ పోలేదు నాకు.

మనిషి బిడ్డకి రోగాన్ని తట్టుకునే శక్తి కొంత కడుపులో ఉండగానే తల్లి నుంచి వస్తుంది, ఆవు దూడకి అలా రాదు, ఏమీ లేకుండా పుడుతుంది. అంతా జున్నుపాలల్లోనే ఉంటుంది, ఆ రక్షణ పదార్థాలు పేగు గోడ దాటి రక్తంలోకి వెళ్లే దారి పుట్టినప్పుడు బాగా తెరుచుకుని ఉంటుంది, గంట గంటకీ మూసుకుంటూ ఒక రోజు గడిచేసరికి పూర్తిగా మూసుకుపోతుంది. ఆ తర్వాత బిందెడు జున్నుపాలు పోసినా కడుపు నిండుతుందే గానీ రక్తంలోకి చేరవు. కాబట్టి చిన్నావు ఈనగానే దూడ ముక్కు నోరు తుడిచి, బొడ్డుని టింక్చర్ అయోడిన్‌లో ముంచి, పొదుగు కడిగి, మొదటి రెండు గంటల్లోపే రెండు నుంచి రెండున్నర లీటర్లు తాగించండి, పన్నెండు గంటల్లోపు ఇంకో రెండు లీటర్లు. లేవలేకపోతే పితికి సీసాతో పట్టండి, నిద్రపోతే లేపి పట్టండి. చన్ను చీకితే మాయ తొందరగా పడడానికి కూడా సాయమే, ఆలస్యం అవ్వదు. సగం రోజు దాటినా మాయ పడకపోతే అప్పుడు డాక్టర్ని పిలవండి, దూడ పాలకీ దానికీ సంబంధం లేదు. జున్ను వండుకోండి, మానమనను, మన ఇళ్లల్లో అదొక సంబరం, వీధిలో పిల్లలు గిన్నెలు పట్టుకొస్తారు, కానీ దూడ రెండు పూటలు కడుపునిండా తాగాక మిగిలింది. కోడెదూడ పుట్టినా ఇదే కొలత, దయచేసి. కోడె కదా అని ఆకలికి వదిలేసిన దూడలు శాల మూలన మూడు వారాలు అరుస్తూ పోవడం చూడలేక చెప్తున్నాను. సంక్రాంతి చలి కూడా ఉంటుంది, కింద పొడి గడ్డి మందంగా వేసి, రాత్రి గోనెసంచి కప్పి, ఆ పది రోజులు ఇంకో అర లీటరు ఎక్కువ పట్టండి, చలికి తాగింది తాగినట్టు ఒళ్లు కాచుకోడానికే పోతుంది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సిన పని. టైలర్ దగ్గర ఉండే టేపు తెచ్చి, పెయ్యని సమంగా నిలబెట్టి, ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టూ ఎన్ని అంగుళాలో కొలువు, తర్వాత భుజం ముందు ఎముక నుంచి తోక పక్క ఎముక దాకా పొడవు కొలువు. ఛాతీ కొలతని అదే ఛాతీ కొలతతో హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 660తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. ఛాతీ 29, పొడవు 26 అనుకో, 33 కిలోలు. శాల గోడ మీద బొగ్గుతో తేదీ వేసి రాయి, ప్రతి ఆదివారం అదే టైముకి, పాలు పట్టకముందు. వారానికి మూడు కిలోలు పెరగాలి. రెండు వారాలు వరసగా రెండు కిలోల కంటే తక్కువ పెరిగితే అప్పుడు పేడ పరీక్షకి ఆగొద్దు, పెయ్యనే ఆసుపత్రికి తీసుకెళ్లు. నాలుగు ఆదివారాల అంకెలు నాకు రాయమ్మా, మీ అత్తగారు ఏమన్నారో కూడా రాయి.